రెక్కలెత్తే రైలు వంతెన

"తాతయ్యా, రైలేమో వంతెన మీంచి పోవాలి. ఓడేమో వంతెన కిందనుంచి పోవాలి. ఆ ఓడ వంతెన కంటే ఎత్తుగా ఉంటే ఎలా?" అని మా మనవరాలు అడిగింది. ఒక్క మాటలో తేలిపోయే ప్రశ్న కాదిది. అందుకే మీ అందరికీ కలిపి చెబుతున్నాను. నింపాదిగా వినండి.

దీనికి జవాబులు రెండు. ఓడ పట్టేంత ఎత్తున వంతెన కట్టడం ఒకటి. ఓడ వచ్చినప్పుడు వంతెనే పక్కకు తప్పుకొని దారివ్వడం రెండోది. ఈ రెండూ పక్కపక్కనే చూడాలంటే రామేశ్వరం వెళ్ళాలి. మండపం దాటగానే సముద్రపు పాయ వస్తుంది. దాని అవతల పంబన్ దీవి, ఆ దీవి మీదే రామేశ్వరం. కార్లు, బస్సులు పోయే రోడ్డు వంతెన నడిమధ్య బాగా పైకి లేచి, మళ్ళీ కిందికి దిగుతుంది. పడవలు దాని కిందనుంచి హాయిగా వెళ్ళిపోతాయి. రైలు వంతెన మాత్రం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నీళ్ళకు దగ్గరగా, సమతలంగా సాగుతుంది.

రైలు వంతెనని కూడా అలాగే ఎత్తుగా కట్టొచ్చు కదా అంటారేమో. రైలుకు ఎక్కుడు చేతకాదు. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద దొర్లుతుంటే రాపిడి చాలా తక్కువ. ఒక్క ఇంజను అన్ని పెట్టెల్ని లాగగలగడం ఆ తక్కువ రాపిడి చలవే. వాలు ఎక్కాల్సి వచ్చేసరికి అదే అడ్డమవుతుంది, పట్టు చాలక చక్రం జారుతుంది. అందుకని రైలు దారిలో వంద మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు ఎక్కడమే ఎక్కువ కింద లెక్క. ఆ లెక్కన 17 మీటర్లు ఎక్కాలంటే 1,700 మీటర్ల వాలు కావాలి. దిగడానికి ఇంకో 1,700. పంబన్ పాయ మొత్తం వెడల్పే రెండు కిలోమీటర్లు. అంచేత రైలుకు రెండో జవాబే దిక్కయింది.

ఆ రెండో జవాబునే 1911లో కట్టడం మొదలుపెట్టి, 1914 ఫిబ్రవరి 24న రైళ్ళకు తెరిచారు. మన దేశంలో సముద్రం మీద కట్టిన మొదటి వంతెన అదే. పొడవు రెండు కిలోమీటర్ల పైచిలుకు. ముంబయిలో బాంద్రా-వర్లీ వంతెన వచ్చేదాకా, అంటే దాదాపు వందేళ్ళు, సముద్రపు వంతెనల్లో దేశంలోకెల్లా పొడవైనది కూడా ఇదే. సౌత్ ఇండియన్ రైల్వే వాళ్ళు దీన్ని కట్టించింది భక్తుల కోసమొక్కటే కాదు, సిలోను (ఇప్పటి శ్రీలంక) ప్రయాణం కోసం కూడా. మద్రాసు ఎగ్మోరులో రైలెక్కితే ఈ వంతెన మీదుగా ధనుష్కోటి చేరేవారు. అక్కడ స్టీమరు ఎక్కి తలైమన్నార్‌లో దిగితే కొలంబో వెళ్ళే రైలు సిద్ధంగా ఉండేది. మద్రాసు నుంచి వచ్చే రైలుకు బోట్ మెయిల్ అని పేరు. రామేశ్వరంలో పుట్టిన అబ్దుల్ కలాం గారు చిన్నప్పుడు పేపర్లు వేసిన సంగతి మీరు చదివే ఉంటారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మెయిలు రామేశ్వరంలో ఆగడం మానేసింది. కదిలే రైల్లోంచి విసిరేసిన పేపరు కట్టల్ని ఆయన ఏరి తెచ్చి పంచేవారు. ఆ పేపర్లన్నీ ఈ వంతెన దాటి వచ్చినవే.

ఇక అసలు కబురులోకి వద్దాం. వంతెన నడుమ సుమారు 225 అడుగుల మేర రెండు రెక్కలు పెట్టారు. ఈ ఒడ్డు వైపు ఒకటి, ఆ ఒడ్డు వైపు ఒకటి. ఓడ వస్తే రెండూ ఆకాశం వైపు లేచేవి. ఒక్కో రెక్క బరువు 400 టన్నుల పైమాటే. మరి వాటిని ఎత్తింది ఆవిరి యంత్రమూ కాదు, కరెంటు మోటారూ కాదు. అటు కొందరు, ఇటు కొందరు మనుషులు నిలబడి, పొడవాటి కడ్డీలు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ చేత్తోనే ఎత్తేవారు. వందేళ్ళ పాటు అలాగే జరిగింది.

కొద్దిమంది మనుషులు 400 టన్నులు ఎత్తడమేమిటి? ఇక్కడే ఒక మనిషి తెలివిని తలచుకోవాలి. ఆయన పేరు విలియం షెర్జర్, అమెరికాలోని షికాగోలో ఇంజనీరు. ఆ ఊరి మధ్య నుంచి నది పారుతుంది. నది నిండా ఓడలు, నదికి రెండు వైపులా రైళ్ళు. ఆ ఇరుకులో రెండింటికీ దారివ్వడానికి ఆయన కొత్తరకం వంతెన ఆలోచించాడు. అది కట్టగా చూడకుండానే 1893లో, 35 ఏళ్ళకే కన్నుమూశాడు. పేటెంటు ఆయన పోయిన తర్వాత అదే ఏడాది వచ్చింది. తమ్ముడు ఆల్బర్ట్ ఆ పని అందుకున్నాడు. 1895లో షికాగోలో మొదటి షెర్జర్ వంతెనలు లేచాయి. ఇరవై ఏళ్ళు తిరక్కుండానే ఆ ఆలోచన పంబన్ చేరింది. ఇనుప భాగాల్ని ఇంగ్లండులో టీస్ నది ఒడ్డున హెడ్ రైట్సన్ కంపెనీ చేసి పంపితే, ఇక్కడ బిగించారు.

ఆ ఆలోచన అర్థం కావాలంటే పసిపిల్లలు ఎక్కి ఊగే చెక్కగుర్రాన్ని తలచుకోండి. దాని కాళ్ళ కింద రెండు వంపు బద్దలుంటాయి. మీరు వెనక్కి వాలితే గుర్రం తల పైకి లేస్తుంది. అంతేకాదు, గుర్రం మొత్తం కాస్త వెనక్కి దొర్లుతుంది కూడా. షెర్జర్ రెక్క చేసేదీ ఇదే. రెక్క మొదట్లో, రెండు పక్కలా, చక్రంలో ముక్క కోసినట్టు పెద్ద ఇనుప వంపులుంటాయి. అవి చదునైన ఇనుప పట్టాల మీద దొర్లుతాయి. దొర్లేటప్పుడు జారిపోకుండా పట్టాల మీద పళ్ళు, ఆ పళ్ళు కూర్చునేందుకు వంపుల్లో గుంటలు. రెక్క తోక వైపున ఎదురు బరువు. తోక వెనక్కి దిగితే ముక్కు పైకి లేస్తుంది.

ఎదురు బరువు పెట్టి ఎత్తడం కొత్తేమీ కాదు, అది చాలా పాత సంగతి. షెర్జర్ గొప్పతనం ఆ బరువుని ఎక్కడ పెట్టాలో చూసుకోవడంలో ఉంది. ప్రతి వస్తువుకీ గురుత్వ కేంద్రం అని ఒకటుంటుంది, బరువంతా అక్కడే ఉన్నట్టు లెక్క వేసుకునే చోటు. రెక్క బరువు, ఎదురు బరువు కలిపితే వచ్చే గురుత్వ కేంద్రం సరిగ్గా ఆ వంపు తాలూకు వృత్త కేంద్రం దగ్గరే పడేట్టు చూస్తారు. నేల మీద చక్రం దొర్లుతుంటే దాని కేంద్రం పైకీ పోదు, కిందికీ పోదు, అదే ఎత్తులో ముందుకో వెనక్కో జరుగుతుంది. మరి రెక్క గురుత్వ కేంద్రం కూడా అక్కడే ఉందిగా! అంటే మన కళ్ళకు రెక్క ఆకాశానికి లేస్తున్నట్టు కనిపిస్తున్నా, దాని మొత్తం బరువు ఒక్క అంగుళం కూడా పైకి లేవడం లేదు. అదే ఎత్తులో వెనక్కి జరుగుతోందంతే. బరువు ఎత్తనప్పుడు భూమి ఆకర్షణతో పోరాటమే లేదు. ఆ మనుషులు పోరాడాల్సింది రాపిడితోనూ గాలితోనూ మాత్రమే. దానికి తోడు పళ్ళచక్రాల వరస. చేతి కింద కడ్డీ చాలా తిరిగితే రెక్క కొంచెం కదులుతుంది. బలం తక్కువ పెట్టినందుకు దూరం ఎక్కువ నడవాలన్నమాట. ఇంజనీరింగులో ఇంత అందమైన ఆలోచనలు నాకు చాలా తక్కువగా కనబడ్డాయి.

ఇంకో లాభం కూడా ఉంది. రెక్క లేస్తూ వెనక్కి కూడా జరుగుతుంది కాబట్టి, ఓడకు దారి మరింత విశాలంగా తెరుచుకుంటుంది. నష్టమూ ఉంది, అది కూడా చెప్పాలి. అంత బరువూ వంపు పట్టాని తాకే సన్నని గీత మీదే పడుతుంది. ఆ గీత రెక్క దొర్లినకొద్దీ జరుగుతూ పోతుంది. కాబట్టి అక్కడి పలకలు అరుగుతాయి, పగుళ్ళిస్తాయి. లండన్ టవర్ వంతెన రెక్కలు చోటు కదలని ఇరుసుల మీద తిరుగుతాయి, వాటికి ఈ బాధ లేదు.

ఇప్పుడు ఆ వంతెనకు వచ్చిన పెద్ద కష్టం సంగతి. 1964 డిసెంబరు 22 రాత్రి తుపాను ధనుష్కోటి మీద పడింది. పంబన్ నుంచి బయల్దేరిన ప్యాసింజరు రైలు ధనుష్కోటి చేరకముందే పెద్ద అలకు కొట్టుకుపోయింది. అందులో ఉన్న వందమందికి పైగా ప్రాణాలు పోయాయి. ధనుష్కోటి ఊరే లేకుండా పోయింది, ఆ రైలు దారిని మళ్ళీ వేయలేదు. పంబన్ వంతెన మీద వందకు పైగా దూలాలు సముద్రంలో పడిపోయాయి. షెర్జర్ రెక్కలు మాత్రం చెక్కుచెదరక నిలిచాయి.

బాగు చేసే పనిని 32 ఏళ్ళ యువ ఇంజనీరు శ్రీధరన్ గారికి అప్పగించారు. తర్వాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టి పేరు తెచ్చుకున్నది ఆయనే. కేరళ మనిషే గాని, ఇంజనీరింగు చదివింది మన కాకినాడ కాలేజీలో. రైల్వే ఆరు నెలలు గడువిచ్చింది, పై అధికారి దాన్ని మూడు నెలలకు కుదించాడు. కొత్త దూలాలు ఎక్కడెక్కడి నుంచో తెప్పించాలంటే అంతకంటే ఎక్కువే పట్టేది. ఆ సమయంలో, కొట్టుకుపోయిన దూలాలు సముద్రం అడుగున పడి ఉన్నాయని ఒక జాలరి చూసి చెప్పాడు. వాటినే పైకి తీసి, సరిచేసి, స్తంభాల మీద మళ్ళీ కూర్చోబెట్టారు. 46 రోజుల్లో రైలు నడిచింది. 46 రోజులని అందరూ చెబుతారు. నాకు మాత్రం ఆ జాలరి మాటను ఆలకించడమే ఎక్కువ గొప్పగా తోస్తుంది.

తుపాను ఒక్క రాత్రిలో చేసే పనిని ఉప్పుగాలి వందేళ్ళు తీరిగ్గా చేస్తుంది. ఇది మీరు ఇంట్లోనే చూడొచ్చు. మూడు కొత్త మేకులు తీసుకోండి. ఒకటి పొడిగా డబ్బాలో పెట్టండి. రెండోది మామూలు నీళ్ళ గ్లాసులో ముంచండి. మూడోదాన్ని ఉప్పునీళ్ళలో తడిపిన గుడ్డ మీద, గాలి తగిలేట్టు ఉంచి, రోజూ ఒకసారి తడపండి. వారం తిరిగేసరికి మూడో మేకు ఎర్రబారి, గీకితే పొట్టు రాలుతుంది. ఇనుము తుప్పు పట్టాలంటే నీరూ కావాలి, ఆక్సిజనూ కావాలి. నీళ్ళలో ఉప్పు కలిస్తే విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది. తుప్పు పట్టడమంటే ఇనుము మీద ఒక చోట నుంచి ఇంకో చోటికి ఎలక్ట్రాన్లు పోయే చిన్న బ్యాటరీ లాంటి వ్యవహారమే. అంచేత ఉప్పు దాన్ని వేగిరపరుస్తుంది. పైగా ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుని ఇనుముని తడారనివ్వదు. పూర్తిగా మునిగిన ఇనుము కంటే, అలల తుంపర పడుతూ ఆరుతూ ఉండే ఇనుము ఎక్కువ చెడిపోతుంది. దానికి ఆక్సిజన్ కొరత ఉండదు మరి. పంబన్ వంతెన మొత్తం బతికింది ఆ తుంపరలోనే. అమెరికాలోని మయామి తర్వాత తుప్పు అంతగా పట్టే చోటు ఇదేనని ఇంజనీర్లు చెప్పుకుంటారు.

ఆ కాలపు ఇనుప వంతెనలకు వెల్డింగు లేదు, అన్నీ రివెట్లే. ఎర్రగా కాల్చిన మొలని రంధ్రంలో దూర్చి, రెండో వైపు సుత్తితో కొట్టి తల చేస్తారు. అది చల్లారి కుంచించుకుంటూ రెండు పలకల్నీ గట్టిగా దగ్గరికి లాగుతుంది. బాగానే ఉంది గాని, ఆ పలకల మధ్య వెంట్రుకవాసి సందులోకి ఉప్పునీరు చేరుతుంది, రంగు కుంచె చేరదు. తుప్పు తాను తిన్న ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. లోపల ఉబ్బి పలకల్నే విడదీస్తుంది. పైన వెండిరంగు మెరుస్తూనే ఉంటుంది. పాత వంతెనల్ని కాపాడటంలో అసలు చిక్కంతా ఇక్కడే.

అయినా ఆ వంతెన చేత చాలాకాలం పని చేయించారు. 1988లో రోడ్డు వంతెన వచ్చేదాకా దీవికి వెళ్ళాలంటే వంతెన దారి అదొక్కటే. 2007లో మీటరుగేజి తీసి బ్రాడ్‌గేజి వేసినా అదే మోసింది. రైళ్ళు దాని మీద నత్తనడకన పోయేవి. గాలి వేగం గంటకు 58 కిలోమీటర్లు దాటితే సిగ్నలు దానంతటదే ఎర్రగా మారి రైలును ఆపేది. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగు రెట్లవుతుంది, ఆ జాగ్రత్త అందుకే. 2018 చివర రెక్కల దగ్గర లోపం కనబడి కొంతకాలం రైళ్ళు ఆపారు. 2022 డిసెంబరు 23న పూర్తిగా ఆపేశారు. ప్యాసింజరు రైలు కొట్టుకుపోయిన ఆ తుపానుకు 58 ఏళ్ళు నిండిన మర్నాడన్నమాట.

పక్కనే కొత్త వంతెన కట్టారు. 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాడు ప్రారంభించారు. దానికి రెక్కలు లేవు. 72.5 మీటర్ల పొడవు, 660 టన్నుల బరువున్న నడిమి భాగం మొత్తం రెండు బురుజుల మధ్య లిఫ్టులా తిన్నగా 17 మీటర్లు పైకి లేస్తుంది. మోటార్లు ఎత్తుతాయి, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. అయితే అక్కడా బరువుని తూచి ఎదురు బరువులే పెట్టారు. తుప్పుకు లొంగని కమ్మీలు వాడారు, ప్రత్యేకమైన రంగు పూశారు. పాతదాని నుంచి నేర్చుకున్న పాఠాలన్నీ కొత్తదానిలో ఉన్నాయి.

మరి పాతదాన్ని ఏం చేయాలి? ఉన్నచోటే ఉంచేయాలని చాలామంది ఆశపడతారు. నాకూ మనసు అటే లాగుతుంది గాని, అది తగిన పని కాదు. రైళ్ళు లేని వంతెనకు రంగు వేసేవాళ్ళుండరు, ఉప్పుగాలి మాత్రం సెలవు తీసుకోదు. ఒక రోజు ఏ దూలమో విరిగి పడవల దారిలోనో, కొత్త వంతెన పక్కనో పడితే ఎవరిది పూచీ? మన రాజమహేంద్రవరంలో హేవలాక్ వంతెన చూడండి. 1900లో తెరిచారు, పంబన్ కంటే పద్నాలుగేళ్ళు పెద్దది. 1997లో రైళ్ళు ఆపేసినా 56 ఖానాలూ గోదావరిలో నిలబడే ఉన్నాయి. అది మంచినీటి నది కాబట్టి ఇంత ఓపిక పట్టింది. సముద్రం మీద అలా వదిలేస్తే కుదరదు.

వదిలేయకూడదు, అలాగని మొత్తం తుక్కు కింద అమ్మేయనూ కూడదు. ఫ్రాన్సులో పెగాసస్ వంతెన కథ ఉంది. అదీ షెర్జర్ రకమే, రోడ్డు వంతెన, 1934లో కట్టారు. 1944 జూన్ 6న, అర్ధరాత్రి దాటిన కాసేపటికే బ్రిటిష్ సైనికులు ఇంజన్లు లేని గ్లైడర్లలో దిగి దాన్ని పట్టుకున్నారు. 1994లో దాని చోట కొత్త వంతెన వేశారు. పాతది కొన్నేళ్ళు పక్కన పడి తుప్పు పట్టింది. తర్వాత పేరుకు ఒక్క ఫ్రాంకు ధర కట్టి కొన్నారు, దగ్గర్లోనే మ్యూజియం ఆవరణలో నిలబెట్టారు. 2000 నుంచి అక్కడే ఉంది. నీళ్ళ మీద నుంచి నేల మీదికి వచ్చింది, అందుకే బతికింది.

పంబన్ రెక్కకూ ఆ దారే మేలని నా గట్టి నమ్మకం. రెండూ అక్కర్లేదు, ఒక్కటి చాలు. ఒడ్డుకు తెచ్చి, ముందు మంచినీళ్ళతో ఉప్పంతా కడగాలి. కడగకుండా రంగు వేస్తే రంగు కిందే తుప్పు పుడుతుంది. ఆ తర్వాతే పెయింటు. వంపు, పళ్ళ పట్టా, ఎదురు బరువు, కడ్డీలు విడదీయకుండా కలిపే ఉంచాలి. రెక్క మాత్రమే దాచి వంపు పారేస్తే అది ఉత్త ఇనుప చట్రం, దాని తెలివంతా వంపులోనే ఉంది. పక్కన అదే లెక్కతో చేసిన చిన్న నమూనా పెట్టి, పిల్లల చేత తిప్పించాలి. రామేశ్వరంలో కలాం గారి స్మారకం చూడటానికి ఎన్నో బడుల పిల్లలు వస్తుంటారు, వాళ్ళకిది చూపించాలి. వందేళ్ళు ఆ కడ్డీలు తిప్పిన మనుషుల ఫొటోలు, అప్పుడు వాళ్ళు చేసిన పని వివరాలు, ఆ పని తెలిసినవాళ్ళు ఉండగానే రాసి పెట్టాలి. ఇనుము కంటే ముందు పోయేది ఆ జ్ఞాపకమే.

మన తెలుగువాళ్ళు కాశీ నుంచి గంగ తెచ్చి రామేశ్వరంలో అభిషేకం చేయించే ఆచారం ఎన్ని తరాలుగానో ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఆ పాత వంతెన మీద రైల్లో వెళ్ళి ఉంటే, ఆ ప్రయాణం గురించి అడిగి నోటుపుస్తకంలో రాసుకోండి. ఫొటోలుంటే వెనక తేదీ వేసి దాచండి. ఈసారి రామేశ్వరం వెళితే పంబన్‌లో కాసేపు ఆగండి. తిరిగొచ్చాక రైల్వే వారికి ఒక ఉత్తరం రాయండి, షెర్జర్ రెక్కని ఒకదాన్ని వంపుతో సహా మాకోసం ఉంచండి అని. పిల్లల చేతిరాతతో వెళ్ళిన ఉత్తరాన్ని తప్పకుండా చదువుతారు.